ఆరు పుంజులు, రెండు పెట్టలు



నిరుడు మాఘమాసంలో మా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. గుడ్లు పెట్టడం మానేసింది, గంపలోంచి లేవడం మానేసింది, చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని కసురుకుంటోంది. దాని కింద 11 గుడ్లు పెట్టాం. ఇంట్లోకి గుడ్లకి లోటు లేకుండా నాలుగు పెట్టలు తయారైతే చాలన్నది నా ఆశ. మా అత్తయ్యగారు గుడ్లు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కోలగా ఉన్నవాటిని పక్కకి తీసేసి, "ఇవి పుంజులమ్మాయ్, గుండ్రంగా ఉన్నవే పెట్టు" అన్నారు. అలాగే గుండ్రటివి ఏరి పెట్టాం. 21 రోజులకి నల్లపెట్ట తొమ్మిది పిల్లల్ని లేపింది. రెండు గుడ్లు మురిగిపోయాయి. వారం తిరక్కుండానే ఒక పిల్లని కాకి తన్నుకుపోయింది. మిగిలిన ఎనిమిదీ ఎదిగాక చూసుకుంటే ఆరు పుంజులు, రెండే రెండు పెట్టలు.

పెరట్లో కోళ్లున్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగే ఉంటుంది. కోరుకోని పుంజులు వచ్చిపడితే ఏం చెయ్యాలి, వాటి గుణం ఎప్పటికి తెలుస్తుంది, మనిషి మీద పడకుండా వాటిని ఎలా పెంచాలి? ఈ ఏడాదిలో నా దొడ్డి నాకు నేర్పిందే ఇవాళ మీకు చెబుతాను.

ముందు ఆ గుడ్ల సంగతి. గుడ్డు కోలగా ఉందా గుండ్రంగా ఉందా అన్నదానికీ లోపలి పిల్ల పుంజా పెట్టా అన్నదానికీ ఏ సంబంధమూ లేదు. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. కోళ్లలో అది తల్లి వంతు. పుంజుకి రెండూ జెడ్ క్రోమోజోములే. పెట్టకి ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యూ. పెట్ట తన రెండింట్లో జెడ్ ఇస్తే పిల్ల పుంజవుతుంది, డబ్ల్యూ ఇస్తే పెట్టవుతుంది. పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరి, దాని మీద పెంకు కట్టేసరికి ఆ విషయం ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. సగం సగం అవకాశం. ఎనిమిది పిల్లల్లో ఆరు గానీ అంతకు మించి గానీ పుంజులు రావడమన్నది, లెక్క కడితే, దాదాపు ఏడు పొదుగులకి ఒకసారి జరుగుతుంది. అంటే మా నల్లపెట్ట తప్పు లేదు, మా రాతలో తప్పూ లేదు. ఇదంతా వివరంగా చెబితే మా అత్తయ్యగారు శ్రద్ధగా విని, "సరే, వచ్చేసారి కోలవే పెట్టి చూద్దాం" అన్నారు.

పుట్టిన రోజునే పిల్ల ఆడా మగా అని చెప్పగలిగేవాళ్లు లేకపోలేదు. పిల్లని అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, రెట్టవేసే చోట ఆవగింజకన్నా చిన్న బొడిపె ఉందా లేదా చూసి చెబుతారు. 1920లలో జపాన్‌లో కియోషి మసూయి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఈ విద్యని పైకి తెచ్చారు. పెద్ద హేచరీల్లో ఆ చూపు చాలా విలువైనది. గుడ్ల ఫారాలకి పుంజులతో పని లేదు. ఆ జాతి పుంజులు కండ కూడా తొందరగా పట్టవు. అందుకే చాలా దేశాల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తూ వచ్చారు. జర్మనీ 2022 జనవరి నుంచి ఆ పని చెయ్యకూడదని చట్టం పెట్టింది. మన వీధుల్లో గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు అద్ది బుట్టల్లో అమ్మే పిల్లలు చాలావరకు ఇలా ఏరి పక్కన పడేసినవే. చిన్నపిల్లలు ముచ్చటపడితే కొనిస్తాం. తల్లి రెక్కల కింది వెచ్చదనం లేక వాటిలో చాలా చచ్చిపోతాయి. దయచేసి ఆ రంగు పిల్లల్ని కొనకండి. కొని తెచ్చి ఉంటే మాత్రం మొదటి మూడు నాలుగు వారాలు రాత్రిళ్లు బల్బు వేడి తగిలేలా చూడండి.

మనలాంటివాళ్లకి ఆ బొడిపె చూసే విద్య రాదు. మనం చెయ్యగలిగింది దగ్గర కూర్చుని చూడడమే. నేను చూసింది ఎక్కువగా చెదల కుండ దగ్గర. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాత కుండలో తడిపిన గోనెముక్క, ఎండుపేడ, కాస్త ఎండుగడ్డి కుక్కి, చెదలున్న నేల మీద సాయంత్రం బోర్లిస్తాం. తెల్లారేసరికి కుండ లోపల చెదలు తెల్లగా ముసిరి ఉంటాయి. పిల్లల ముందు దులిపితే అంతకు మించిన బలం మరొకటి లేదు. ఆ దులిపిన అయిదు నిమిషాలూ కళ్లు తిప్పకుండా చూడండి. ఏ పిల్ల ఎలాంటిదో అక్కడే బయటపడుతుంది. మా ఎనిమిదింట్లో ఎర్రపిల్ల ఒకటి ముందుకి దూకి, కుప్ప మధ్యలో నిలబడి, పక్కవాటిని రొమ్ముతో నెట్టేసేది. తెల్లపిల్ల చెదలకన్నా ముందు నా చెయ్యి చూసేది. నేరుగా వేళ్ల దగ్గరికి వచ్చేసేది. నల్లపిల్ల కుప్పలోకి వెళ్లేదే కాదు. అంచున తిరిగి, దూరంగా జారిపడినవాటిని ఏరుకుంటూ, మధ్యమధ్య తలెత్తి ఆకాశం వైపు ఒక కన్ను పెట్టేది. అప్పటికి వాటి వయసు మూడు వారాలు. ఏడాది గడిచింది. ఆ మూడింటి గుణం ఇవాళ్టికీ అదే.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలి, ఎవరు ఎవరికి తప్పుకోవాలి అన్న వరస ఒకటుంటుంది. దాన్ని మొదట పట్టుకున్నది నార్వేలో థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బే. చిన్నతనం నుంచీ పెరటి కోళ్లని చూస్తూ, ఏది దేన్ని పొడిచిందో రాసుకుంటూ పెరిగాడాయన. పెద్దయ్యాక 1922లో అదంతా శాస్త్రంగా ప్రకటించాడు. పిల్లలకి రెండు నెలలు నిండే వేళకి ఈ వరస ఒక కొలిక్కి వస్తుంది. వచ్చాక గోల తగ్గుతుంది. ఎవరి చోటు వారికి తెలిసిపోతుంది కాబట్టి ఒక చూపుతో, మెడ చిన్నగా సాచడంతో పని జరిగిపోతుంది. మధ్యలో కొత్త కోడిని తెచ్చి వదిలితే వరస మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే కొత్తదాన్ని తెచ్చినప్పుడు కొన్నాళ్లు వల అవతల ఉంచి, చూపులు కలిశాక వదలాలి. రోగం ఏదైనా ఉంటే ఈలోగా బయటపడుతుంది కూడా.

చిన్నప్పుడు పిల్లలు రెండేసి ఎదురెదురుగా నిలబడి, మెడ ఈకలు గొడుగులా విప్పి, ఎగిరి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. అది చూసి "ఇవన్నీ పుంజులే" అనుకోకండి. పెట్టపిల్లలూ తన్నుకుంటాయి. మన వైపు నాటుకోళ్లలో అసిల్ రక్తం ఎంతో కొంత కలిసే ఉంటుంది. ఆ జాతి పుట్టిళ్లలో ఆంధ్ర ఒకటి. అందుకని మన పిల్లలు మరీ ముందే కాలు దువ్వుతాయి. నమ్మదగ్గ గుర్తులు వేరే ఉన్నాయి. తల మీది జుట్టు చూడండి. రెండు నెలలకి పుంజుపిల్లకి అది మందమెక్కి ఎరుపు తిరుగుతుంది. పెట్టపిల్లకి సన్నగా, లేతపసుపుగా ఉండిపోతుంది. కాళ్లు లావెక్కుతాయి. నడక నిటారవుతుంది. ఇంకా అనుమానముంటే మూడు నెలలు ఆగి నడుం మీది ఈకలు చూడండి. పెట్టకి గుండ్రటి అంచులు. పుంజుకి సన్నగా, మొన తేలి, నూనె రాసినట్టు మెరుస్తూ తోక పక్కకి జారుతుంటాయి. ఆ ఈక కనబడ్డాక ఇక వాదన లేదు. మా ఎనిమిదింట్లో ఆ మెరుపు లేనివి రెండే అని నాకు తేలింది వైశాఖం చివర్లో.

తొలకరి వానలు మొదలయ్యాక ఒక తెల్లవారుజామున కొట్టు వెనకనుంచి వింత చప్పుడు వినిపించింది. తుప్పుపట్టిన గిలక తిరిగినట్టు మొదలై, మధ్యలో తెగిపోయింది. లాంతరు పట్టుకుని వెళితే, తెల్లపుంజు గూటి దూలం మీద మెడ ముందుకి చాచి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా కదిలేలా ప్రయత్నిస్తోంది. "కొక్కొ" వరకు వచ్చి గొంతు ఆగిపోతోంది. పక్కనున్న పెద్దపెట్ట ఒకటి విసుగ్గా జరిగి కూర్చుంది. నాలుగు రోజులకి కూత పూర్తయింది. ఆ వారంలోనే తక్కినవీ అందుకున్నాయి. కానీ నెల తిరిగేసరికి ఒక పద్ధతి ఏర్పడింది. ముందు ఎర్రది కూస్తుంది, తర్వాతే మిగిలినవి. కూత నేర్చిన మొదటిది తెల్లదే, అయినా దానికి రెండో వంతే దక్కింది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. వెలుగు మారకుండా ఒకే మసకలో ఉంచినా పుంజులు తెల్లారే వేళకే కూస్తాయని 2013లో, గుంపులో పైది కూశాకే కిందివి వరసగా కూస్తాయని 2015లో ప్రకటించారు. మన పెద్దవాళ్లు తొలికోడి, మలికోడి అని జాములు లెక్కపెట్టారు. ఆ తొలికోడి ఎవరో, మలికోడి ఎవరో ఊళ్లో పుంజులు తమలో తాము తేల్చుకుని ఉంటాయని తెలిశాక, ఆ మాట నాకు మరింత ఇష్టమైంది.

ఇక కష్టకాలం. నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పుంజుకి ఒళ్లు పెరుగుతుంది, బుద్ధి పెరగదు. పెట్ట కనబడితే చాలు తరుముతాయి, పిలుపూ లేదు, మర్యాదా లేదు. ఆరు పుంజులకి మా ఇంట్లో అయిదు పాత పెట్టలు, రెండు కొత్తవి. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. ఇక్కడ లెక్క తలకిందులైంది. పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోయాయి. చిన్న పెట్టలు రెండూ పగలంతా తులసికోట వెనక నక్కి, మేతకి కూడా రావడం మానేశాయి. అప్పుడు నాకు సాయం చేసింది మా పెద్ద పెట్టలే. నాలుగేళ్ల నల్లపెట్ట, తను లేపిన ఆ పుంజుల్నే నెత్తిమీద పొడిచి తరిమేది. మూడు కిలోల ఎర్రపుంజు దాని ముందు తల దించుకుని పక్కకి తప్పుకునేది. పెద్ద పెట్టల మధ్య పెరిగిన పుంజు మర్యాద నేర్చుకుంటుంది. ఈడువాటితోనే పెరిగినది నేర్చుకోదు. నాకు కుదిరింది ఇది: కొట్టు వెనక వెదురు తడికెలతో వేరే దొడ్డి కట్టి నాలుగు పుంజుల్ని అందులోకి మార్చాను. పెట్టలు కళ్లెదుట లేకపోయేసరికి పుంజులు నాలుగూ రెండు రోజుల్లో సర్దుకున్నాయి. కొట్లాటలన్నీ పెట్ట కనబడినప్పుడే.

ఈ సమయంలోనే నాకు దెబ్బ తగిలింది. శ్రావణమాసంలో ఒక పొద్దున వాకిలి ఊడుస్తున్నాను. వెనకనుంచి రెక్కల చప్పుడు, పిక్క మీద మేకు దిగినట్టు నొప్పి. వెనక్కి తిరిగితే తెల్లపుంజు. మెడ ఈకలు విప్పి, ఒక రెక్క నేలకి రాస్తూ పక్కవాటుగా నడుస్తోంది. చిన్నప్పుడు నా వేళ్ల దగ్గరికి వచ్చేసిందే, అదే. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని నూకలు తినిపించినదీ, భుజం మీదికి ఎక్కించుకున్నదీ అదే. కాలి నెత్తురు కడుక్కుంటూ ఏడ్చాను. నొప్పికన్నా, ఇంత ప్రేమగా పెంచితే ఇలా చేసిందేమిటన్నదే బాధ.

తర్వాత అర్థమైంది. తప్పు నా పెంపకంలో ఉంది. మనిషి చేతిలో ముద్దుగా పెరిగిన పుంజుకి మనిషంటే బెరుకు ఉండదు. మనల్ని తన మందలో ఒకరిగా లెక్కేసుకుంటుంది. ఈడొచ్చాక తన చోటు తేల్చుకోవాలి కాబట్టి, తోటి పుంజుతో తేల్చుకున్నట్టే మనతోనూ తేల్చుకుంటుంది. దానికది పగ కాదు. దూరంగా పెరిగిన నల్లపుంజు ఈనాటికీ నా మీదికి రాలేదు. అందుకే చెబుతున్నాను, పెట్టపిల్లల్ని ఎంత ముద్దు చేసినా ఫరవాలేదు. పుంజని అనుమానం వచ్చిన నాటి నుంచీ దాన్ని ఒళ్లోకి తీసుకోకండి. మేత వెయ్యండి, నీళ్లు పెట్టండి, దగ్గరే తిరగండి, అది మీకు దారి ఇచ్చేలా నడవండి. మీరు దానికి దారి ఇచ్చి పక్కకి తప్పుకోకండి.

మీదికి దూకితే తన్నకండి, కర్ర ఎత్తకండి. తన్నితే యుద్ధం ఒప్పుకున్నట్టే దానికి. పరుగెత్తితే అది గెలిచినట్టు. నిలబడి, మెల్లగా దాని వైపే రెండు అడుగులు వెయ్యండి. చేతికి చిక్కితే రెక్కలు రెండూ ఒంటికి ఆనించి చంకలో పెట్టుకుని, మీ పని మీరు చేసుకుంటూ పది నిమిషాలు పెరడంతా తిరగండి. దించేటప్పుడు అది శాంతపడ్డాకే దించండి. తెల్లపుంజుతో నేను నెలన్నర ఇలా చేశాను. ఇప్పుడది నన్ను చూసి పక్కకి నడుస్తుంది. అయినా చిన్నపిల్లలున్నప్పుడు దాన్ని బయటికి వదలను. దాని ఎత్తుకి పసిపిల్ల కన్ను సరిగ్గా అందుతుంది.

మరి పుంజు వల్ల ఉపయోగమే లేదా అంటారేమో. గుడ్ల వరకు నిజమే, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. కానీ మా నల్లపుంజు చేసే పని మీరు ఒక్కసారి చూడాలి. పురుగు దొరికితే తినదు. ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, "టుక్ టుక్ టుక్" అని గొంతులో చిన్నగా పిలుస్తుంది. పెట్టలు పరుగున వచ్చి తినేదాకా పక్కనే నిలబడుతుంది. ఇక కాపలా. గద్ద కనబడితే సన్నగా, సాగదీసిన ఒకే ఒక కూత. ఆ కూత వినగానే పెట్టలు నిమ్మచెట్టు కిందికో బండి కిందికో దూరి రాయిలా కూర్చుంటాయి. నేల మీద ముంగిస గానీ పిల్లి గానీ వస్తే కూత వేరు. తెగి తెగి, గట్టిగా, ఊరంతా వినబడేలా. దానికి పెట్టలు దాక్కోవు, మెడలు నిటారుగా ఎత్తి శత్రువు ఎటున్నాడో చూస్తాయి. క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే పరిశోధకులు ఈ కూతల్ని రికార్డు చేసి, గద్దా పిల్లీ ఏవీ లేకుండానే పెట్టలకి వినిపిస్తే, ఏ కూతకి ఆ పనే చేశాయి. అంటే అది ఉత్త అరుపు కాదు, కబురు. నిరుటి పిల్లల్లో ఒకటి కాకి పాలైందని చెప్పానే, అప్పటికి మా దొడ్లో ఇలా కాపలా కాసే పుంజు లేదు. ఇది కాపలాకి వచ్చాక ఒక్క కోడి కూడా పోలేదు.

ఉంచుకోవలసింది ఏదో నేను తేల్చుకున్నది ఆ పురుగు దగ్గరే. అందరూ ఎర్రపుంజుని ఉంచమన్నారు. డేగ రంగు, మంచి ఎత్తు, గట్టి గొంతు. నేను నల్లదాన్ని ఉంచాను. మందకి కావలసిన గుణం ఎత్తులోనూ రంగులోనూ లేదు. పిలిచి పెట్టే గొంతులో ఉంది, మూడు వారాల వయసులోనే ఆకాశం వైపు పెట్టిన ఆ కంట్లో ఉంది.

మిగిలినవాటి గురించి దాచకుండా చెబుతాను. మేము మాంసం తినేవాళ్లం. పర్ల, మైల రంగు పుంజులు రెండూ దసరాకి మా ఇంట్లోనే వండుకున్నాం. పెంచినన్నాళ్లు కడుపునిండా మేత, చెట్టునీడ, తిరగడానికి చోటు ఇచ్చాం. చంపేటప్పుడు హింస లేకుండా ఒక్క వేటుకి పోయేలా చూశాం. పుంజులు వస్తే ఇది కూడా ముందే మనసులో తేల్చుకోవలసిన విషయం. తేల్చుకోకుండా నెలలు గడిపితే బాధపడేది పెట్టలే.

కార్తీకంలో పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. దొడ్లో ఎర్రపుంజుని చూసి కాలు పట్టి బరువు చూసి, మెడ నిమిరి, "అక్కా, దీన్ని నాకివ్వండి. ఎనిమిది వేలిస్తాను. ఏడాది మేపితే పై సంక్రాంతికి బరిలోకి దిగుతుంది" అన్నాడు. మా అత్తయ్యగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే, "కత్తి కట్టించుకోడానికి కాదు నాయనా మేం చెదలేసి పెంచింది" అన్నారు. పుంజంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పందెమే. పల్నాటి కథ నుంచీ అంతే. కోళ్లని పోరుకి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం కోసం కాదు మేం కాదన్నది. ఆ పుంజు తోటి పుంజుతో తన్నుకునేది తన చోటు తేల్చుకోడానికి. ఒకటి తల దించుకుంటే రెండోది వదిలేస్తుంది. రోజూ చూశాను ఆ వదిలెయ్యడం. మూరెడు దూరంలో నిలబడి, గెలిచినది రెక్కలు దులుపుకుని, నేల గీరుకుంటూ వెళ్లిపోతుంది. కాలికి కత్తి కట్టాక ఓడినదానికి తల దించుకునే వ్యవధి ఉండదు.

ఎర్రపుంజు మా ఆడపడుచు కొబ్బరితోటకి వెళ్లింది. అక్కడ పన్నెండు పెట్టలున్నాయి, పుంజు లేదు. తెల్లదీ, అన్నిటికన్నా చిన్నదీ కొట్టు వెనక దొడ్లో జంటగా ఉన్నాయి. వాటికి వడ్లు, తవుడు, ఆకుకూరల కాడలు వేస్తాను. పెట్టలకి వేసే గుడ్ల దాణా పుంజులకి వెయ్యను, అందులోని సున్నం వాటి మూత్రపిండాలకి చేటు. పెట్టలకి కావలసిన గవ్వపొడి వేరే చిప్పలో పెడితే ఎవరికి అవసరమో వాళ్లే తింటారు.

ఈ మాఘంలో నల్లపెట్ట మళ్లీ పొదుగుకొచ్చింది. అన్నంత పనీ చేశారు అత్తయ్యగారు. 11 గుడ్లూ కోలవే ఏరి పెట్టారు. రేపటికి 21 రోజులు. నిన్న రాత్రి దీపం పెట్టాక ఆవిడ గంప దగ్గర కూర్చుని, పెట్ట కిందినుంచి ఒక గుడ్డు మెల్లగా తీసి చెవికి ఆనించుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత నా చెవి దగ్గర పెట్టారు. లోపల గోటితో గీకినట్టు చిన్న అలికిడి, ఆ వెనకే సన్నగా ఒక కిచకిచ. పెట్ట మా ఇద్దరి వంకా చూసి గొంతులో ఏదో బదులు చెప్పింది. గుడ్డు దాని కింద పెట్టేసి, నేను వెళ్లి చెదల కుండ బోర్లించి వచ్చాను.